యోహాన్ సెబాస్టియన్ బాఖ్

యోహాన్ సెబాస్టియన్ బాఖ్ (1685 మార్చి 21 - 1750 జూలై 28) జర్మనీ దేశానికి చెందిన చర్చి సంగీతకర్త, ఆర్గాన్ వాద్య విద్వాంసుడు. పాశ్చాత్య సంగీత చరిత్రలో బరోక్ యుగంగా పేర్కొనే కాలానికి (సుమారు 1600 నుండి 1750 వరకు) ఇతనిని శిఖరంగా భావిస్తారు. ఇతని రచనలు వెయ్యికి పైగా లభిస్తున్నాయి. జన్మదినం నాటి ప్రొటెస్టెంటు జర్మనీలో వాడుకలో ఉన్న పాత పంచాంగం ప్రకారం ఇవ్వబడింది. ఇప్పటి పంచాంగం ప్రకారం అది మార్చి 31 అవుతుంది.

జీవించి ఉన్న కాలంలో బాఖ్‌కు ఆర్గాన్ వాయించడంలో సాటిలేనివాడుగా, కొత్త ఆర్గాన్లను పరీక్షించే నిపుణుడుగా పేరుండేది. సంగీతకర్తగా ఈనాడు ఉన్న కీర్తిలో అధిక భాగం మరణానంతరం, అదీ చాలా ఆలస్యంగా వచ్చింది. ఇతని రచనలలో పెద్ద భాగం ఉద్యోగ ధర్మంగా, రాబోయే ఆదివారం ఆరాధన కోసం వ్రాసినవే.

సంగీతకారుల వంశం

జర్మనీ మధ్యభాగంలోని తురింగియా ప్రాంతంలో బాఖ్ అన్నది ఒక ఇంటిపేరు. తరతరాలుగా ఆ ఇంటివారు చర్చిలలోను, పురపాలక సంఘాల కొలువులోను సంగీతకారులుగా ఉండేవారు. ఎర్ఫర్ట్ నగరంలో సంగీతకారులు అందరినీ "బాఖ్‌లు" అనే పిలిచేవారట. 1735లో బాఖ్ స్వయంగా తన వంశవృక్షాన్ని తయారు చేసుకున్నాడు. అందులో 53 మంది పేర్లున్నాయి. మొదటివాడు ఫైట్ బాఖ్ అనే రొట్టెలు కాల్చేవాడు. ఇతడు పిండి మరకు వెళ్ళేటప్పుడు తన తంత్రీవాద్యాన్ని వెంట తీసుకువెళ్ళి, మర తిరుగుతూ ఉంటే ఆ చప్పుడుకు అనుగుణంగా వాయించుకునేవాడని బాఖ్ వ్రాశాడు.

బాఖ్ ఐజెనాఖ్ పట్టణంలో, ఎనిమిది మంది సంతానంలో కడగొట్టువాడుగా జన్మించాడు. తండ్రి యోహాన్ అంబ్రోసియస్ ఆ ఊరి కొలువు సంగీతకారుడు. 1694లో తల్లి, 1695లో తండ్రి మరణించారు. పదేళ్ళు నిండకుండానే అనాథ అయిన బాలుణ్ణి, ఓర్డ్రుఫ్ పట్టణంలో ఆర్గానిస్టుగా ఉన్న పెద్దన్న యోహాన్ క్రిస్టోఫ్ తన ఇంటికి తీసుకువెళ్ళాడు. ఈ అన్న ప్రసిద్ధ సంగీతకర్త పాఖెల్బెల్ శిష్యుడు. అన్న బీరువాలో దాచుకున్న సంగీత గ్రంథాన్ని బాలుడు రాత్రివేళ చువ్వల సందునుండి లాగి, దీపం లేకుండా వెన్నెల వెలుగులో ఆరు నెలలపాటు నకలు వ్రాసుకున్నాడనీ, అన్న అది కనిపెట్టి ఆ నకలు లాగేసుకున్నాడనీ ఒక కథ ఉంది. బాఖ్ కుమారుడు కార్ల్ ఫిలిప్ ఇమాన్యుయేల్, శిష్యుడు అగ్రికోలా వ్రాసిన సంస్మరణ వ్యాసం (1754) ఈ కథకు ఆధారం. కంటిచూపు పోయి కన్నుమూసిన మనిషి గురించిన కథ కనుక, ఇంటివారు దీనిని మరీ గుర్తు పెట్టుకుని ఉంటారు.

1700లో లూనెబుర్గ్‌లోని చర్చి బడిలో గాయక బాలుడుగా చేరి చదువు ముగించాడు.

నాలుగు వందల కిలోమీటర్ల నడక

1703లో పద్ధెనిమిదేళ్ళ వయసులో ఆర్న్‌స్టాట్ పట్టణపు కొత్త చర్చికి ఆర్గానిస్టు అయ్యాడు. ఆర్గాన్ కొత్తది, జీతం మంచిది. అయితే పాడే విద్యార్థులు అతనికంటె పెద్దగా చిన్నవారు కారు, మాట వినేవారూ కారు. ఒక విద్యార్థి వాద్యాన్ని ఎగతాళి చేసినందుకు వీధిలో ఘర్షణ కూడా జరిగింది.

1705 అక్టోబరులో నాలుగు వారాల సెలవు తీసుకుని, ఉత్తరాన ల్యూబెక్ నగరంలో ఉన్న వృద్ధ విద్వాంసుడు డీట్రిఖ్ బుక్స్‌టెహూడె ఆర్గాన్ వాదనం వినడానికి బయలుదేరాడు. దూరం సుమారు 400 కిలోమీటర్లు. ఏలూరులో బయలుదేరి, తాడేపల్లిగూడెం, రాజమండ్రి, విశాఖపట్నం దాటి శ్రీకాకుళం చేరినంత దూరం అన్నమాట. నడిచే వెళ్ళాడని సంస్మరణ వ్యాసం చెబుతుంది. నాలుగు వారాలకు అనుమతి తీసుకున్నవాడు దాదాపు నాలుగు నెలలకు తిరిగివచ్చాడు. 1706 ఫిబ్రవరిలో చర్చి పెద్దలు సంజాయిషీ అడిగారు. తన కళకు సంబంధించిన విషయాలు కొన్ని నేర్చుకోవడానికి వెళ్ళానని జవాబు చెప్పాడు. అంతటితో ఆగక, కీర్తనల మధ్య వింత స్వరాలు కలిపి సభను తికమక పెడుతున్నాడని, వాదన మరీ పొడుగ్గా ఉంటున్నదని, అభ్యంతరం చెబితే మరీ పొట్టిగా ముగిస్తున్నాడని కూడా నేరాలు మోపారు. ఆ విచారణ పత్రాలు నేటికీ ఉన్నాయి. ఆ "వింత స్వరాలు" బుక్స్‌టెహూడె వద్ద విన్న విద్య ఫలితమని చదివేవారికి తోచకమానదు.

1707లో మ్యూల్‌హౌజెన్ పట్టణానికి మారి, అదే ఏడు బంధువుల అమ్మాయి మరియా బార్బరాను వివాహమాడాడు.

ఆర్గాన్ ఎటువంటి వాద్యం?

మన ప్రాంతంలో పద్యనాటకాలలోను, హరికథలలోను, చర్చిలలోను వినిపించే హార్మోనియం తెలిసినవారికి ఆర్గాన్‌ను ఊహించడం కొంత సులువు. హార్మోనియంలో తిత్తి నుండి వచ్చే గాలి సన్నని లోహపు రీడ్లను కంపింపజేస్తుంది. చర్చి ఆర్గాన్‌లో గాలి వేలాది గొట్టాలలోకి పోతుంది. ఒక్కొక్క గొట్టం ఒక్కొక్క వేణువు వంటిది. కొన్నింటిలో మాత్రం సన్నాయిలో వలె రీడు ఉంటుంది. పెద్ద గొట్టం మనిషికి మూడు నాలుగు రెట్ల ఎత్తు ఉండవచ్చు, చిన్నది చిటికెనవేలంత ఉండవచ్చు. వాయించేవాని ముందు ఒకదానిపై ఒకటిగా రెండు మూడు మెట్ల వరుసలు ఉంటాయి. కాళ్ళకింద మరొక వరుస ఉంటుంది. ఏ జాతి గొట్టాలు మోగాలో నిర్ణయించడానికి పక్కన పిడులుంటాయి. విద్యుత్తు లేని ఆ రోజులలో వెనుకనుండి తిత్తులను తొక్కడానికి వేరే మనుషులుండేవారు.

అంటే రెండు చేతులు, రెండు కాళ్ళు వేరువేరు పనులు చేయాలి. బాఖ్ కాళ్ళతో వాయించినంత వేగంగా ఇతరులు చేతులతో కూడా వాయించలేరని చూచినవారు చెప్పుకునేవారు. కొత్త ఆర్గాన్‌ను పరీక్షించే సమయంలో మొదట పిడులన్నీ లాగి, గొట్టాలన్నీ ఒక్కసారిగా మోగించేవాడట. వాద్యానికి మంచి ఊపిరితిత్తులున్నాయో లేదో ముందు తేల్చుకోవాలని హాస్యమాడేవాడని కుమారుడు వ్రాశాడు. తిత్తులు బలహీనంగా ఉంటే ఆ ఒక్క పరీక్షతో బయటపడేది; తయారు చేసినవారు భయపడేది కూడా అందుకే.

వైమార్, కోథెన్

1708లో వైమార్ సంస్థానంలో ఆస్థాన ఆర్గానిస్టుగా చేరాడు. ఇతని ఆర్గాన్ రచనలలో ఎక్కువ భాగం ఇక్కడివే. 1717లో కోథెన్ ప్రభువు లియోపోల్డ్ కొలువుకు పిలిచినప్పుడు, విడుదల కోసం గట్టిగా పట్టుబట్టినందుకు వైమార్ ప్రభువు నవంబరు 6 నుండి డిసెంబరు 2 వరకు ఇతనిని నిర్బంధంలో ఉంచి, ఆ తరువాత పంపివేశాడు. ఆస్థాన విద్వాంసుడు అనగా ఆ కాలంలో ఒక సేవకుడు. రాజీనామా కూడా ప్రభువు ఇష్టమే.

కోథెన్ ప్రభువు స్వయంగా సంగీతం తెలిసినవాడు. ఆయనది కాల్విన్ శాఖ కనుక ఆరాధనలో ఆడంబరమైన సంగీతానికి చోటు లేదు. అందుచేత బాఖ్ ఇక్కడ వాద్య సంగీతం వైపు మళ్ళాడు. బ్రాండెన్‌బుర్గ్ కచేరీలు (1721లో అంకితం), ఒంటరి వయొలిన్‌కు, ఒంటరి చెల్లోకు వ్రాసిన రచనలు, "సుస్వర క్లావియర్" మొదటి భాగం (1722) ఈ కాలానికి చెందినవి. చివరిదానిలో పన్నెండు స్వరస్థానాలలో ఒక్కొక్కదానిని ఆధారంగా చేసుకుని మేజర్, మైనర్ అనే రెండు పద్ధతులలో మొత్తం 24 జంట రచనలు ఉన్నాయి. మన వేంకటమఖి 17వ శతాబ్దిలో 72 మేళకర్తల ప్రణాళిక కూర్చిన సంగతి గుర్తుకు రావడం సహజం. కాని మేళకర్తలు స్వరాల కూర్పులను వర్గీకరిస్తాయి. బాఖ్ చూపినది, సరిగా శ్రుతి చేసిన ఒకే వాద్యంపై ఏ ఆధార స్వరం నుండి అయినా వాయించవచ్చునని. రెండింటినీ ఒకే గాటన కట్టరాదు.

1720 వేసవిలో ప్రభువుతో కలిసి కార్ల్స్‌బాడ్ వెళ్ళి తిరిగివచ్చేసరికి భార్య మరియా బార్బరా మరణించి, అంత్యక్రియలు కూడా జరిగిపోయాయి. 1721 డిసెంబరులో ఆస్థాన గాయని అన్నా మాగ్దలేనాను పెండ్లాడాడు. ఇద్దరి వలన కలిగిన 20 మంది పిల్లలలో పదిమంది మాత్రమే పెరిగి పెద్దవారయ్యారు.

లైప్‌జిగ్ - వారానికొక రచన

1723లో లైప్‌జిగ్ నగరంలోని సెయింట్ థామస్ చర్చి బడికి "కాంటర్", అనగా సంగీతోపాధ్యాయుడు అయ్యాడు. నగర సభ మొదట కోరినది టెలిమాన్‌ను, తరువాత గ్రౌప్నర్‌ను. ఇద్దరూ రాకపోవడంతో బాఖ్ మూడవ ఎంపిక అయ్యాడు. ఉత్తములు దొరకనప్పుడు మధ్యములతో సరిపెట్టుకోవాలని సభ్యుడొకడు అన్న మాట సభ లిఖిత పత్రాలలోకి ఎక్కింది.

బడిలో పాఠాలు చెప్పాలి, నగరంలోని నాలుగు చర్చిలకు గాయకులను పంపాలి, పెళ్ళిళ్ళకు, అంత్యక్రియలకు సంగీతం సమకూర్చాలి. వీటికి తోడు ప్రతి ఆదివారం, ప్రతి పండుగకు ఒక కాంటాటా కావాలి. కాంటాటా అనగా గాయక బృందం, ఏకవ్యక్తి గానాలు, వాద్యబృందం కలిసిన, సుమారు ఇరవై ముప్పై నిమిషాల సంగీత రూపకం. ఆ వారం చదివే బైబిలు భాగానికి అది సంబంధించి ఉండాలి. ఏడాదికి సుమారు 60 కావలసి వచ్చేవి. మొదటి రెండు మూడు సంవత్సరాలలో బాఖ్ దాదాపు వారానికి ఒకటి చొప్పున కొత్తవి వ్రాశాడు. వ్రాసిన పుటలను భార్య, పిల్లలు, శిష్యులు గాయకులకు, వాద్యకారులకు విడివిడిగా నకలు తీసేవారు. సిరా ఆరీ ఆరకముందే పాడినవి కూడా వాటిలో ఉండి ఉంటాయి. అన్నమాచార్యుడు దినమునకొక సంకీర్తన చెప్పెనన్న సంప్రదాయం ఎరిగిన తెలుగువారికి ఈ నియమం వింతగా తోచదు. తేడా ఏమంటే, ఇక్కడ గడువు తప్పితే సంజాయిషీ చెప్పుకోవాలి.

చర్చి రచనల మొదట "యేసూ, సహాయపడుము" అనే అర్థం వచ్చే రెండక్షరాలు, చివర "దేవునికే మహిమ" అనే అర్థం వచ్చే మూడక్షరాలు వ్రాసేవాడు. మన పెద్దలు ఉత్తరం పైన "శ్రీరామ" అని వ్రాసినట్లు.

1724లో "సెయింట్ జాన్ ప్యాషన్", 1727లో "సెయింట్ మాథ్యూ ప్యాషన్" మొదట గానం చేయబడ్డాయి. యేసుక్రీస్తు శ్రమల కథను గుడ్ ఫ్రైడే నాడు పాడే దీర్ఘ కృతులివి. రెండవది రెండు గాయక బృందాలకు, రెండు వాద్య బృందాలకు వ్రాసినది. పూర్తిగా పాడితే మూడు గంటలకు దగ్గరగా పడుతుంది. 1736లో సిద్ధం చేసిన శుద్ధప్రతిలో బైబిలు వాక్యాలను ఎర్ర సిరాతో వ్రాసుకున్నాడు.

ఇంత సంగీతానికి సాధన సంపత్తి మాత్రం చాలేది కాదు. 1730 ఆగస్టులో నగర సభకు సమర్పించిన వినతిపత్రంలో, బడిలోని విద్యార్థులలో 17 మంది పనికివస్తారు, 20 మంది ఇంకా పనికిరారు, 17 మంది ఎన్నటికీ పనికిరారు అని లెక్క తేల్చాడు. వాద్యకారులు తక్కువ, ఉన్నవారికి జీతాలు తక్కువ అని మొర పెట్టుకున్నాడు. పెద్దగా ఫలితం కలగలేదు. అదే అక్టోబరులో బాల్యమిత్రుడు ఎర్డ్‌మాన్‌కు వేరే ఉద్యోగం చూడమని జాబు వ్రాశాడు. తన రాబడి సుమారు 700 టాలర్లని, ఊరిలో మరణాలు ఎక్కువైతే అంత్యక్రియల రుసుములు పెరుగుతాయని, గాలి ఆరోగ్యకరంగా ఉంటే తగ్గిపోతాయని, క్రిందటి ఏడు మంచి గాలి వీచినందువల్ల నూరు టాలర్లకు పైగా నష్టపోయానని అందులో ఉంది. మహావిద్వాంసుని జాబులో ఇటువంటి లెక్క చూచి కొందరు నొచ్చుకుంటారు. పెద్ద సంసారం ఈదే బడిపంతులు జాబుగా చదివితే ఆశ్చర్యపడవలసినది లేదు.

ఆ ఉద్యోగం దొరకలేదు. చనిపోయే వరకు, 27 సంవత్సరాలు, లైప్‌జిగ్‌లోనే ఉన్నాడు.

కోరల్, ఫ్యూగ్

బాఖ్ చర్చి సంగీతానికి పునాది "కోరల్". 16వ శతాబ్దిలో మార్టిన్ లూథర్ సంస్కరణ తరువాత, సభలోని సామాన్యులందరూ మాతృభాషలో పాడుకునేందుకు ఏర్పడిన కీర్తన ఇది. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి గ్రామాల చర్చిలలో ఆదివారం సభ అంతా గొంతు కలిపి తెలుగు కీర్తన పాడడం విన్నవారికి దాని ప్రయోజనం వేరే చెప్పనక్కరలేదు. అయితే తెలుగు కీర్తనలో అందరూ పాడేది ఒకే వరుస. బాఖ్ సభకు తెలిసిన వరుసను పై గొంతుకు ఉంచి, దాని క్రింద మరి మూడు గొంతులకు వేరు వరుసలు కూర్చాడు. నాలుగూ ఒకేసారి వినబడతాయి, ఒకదానితో ఒకటి పొసగుతాయి, అయినా ఏ ఒక్కటి విడిగా పాడినా పాటగానే ఉంటుంది. పాశ్చాత్య సంగీత విద్యార్థులు నేటికీ స్వరమైత్రి పాఠాలను ఈ కోరళ్ళతోనే నేర్చుకుంటారు.

ఫ్యూగ్ ఇంకొక అడుగు ముందుకు వేస్తుంది. ఒక గొంతు చిన్న వరుస ఒకటి ఎత్తుకుంటుంది. అది ముగియగానే రెండవ గొంతు అదే వరుసను వేరే స్థాయిలో అందుకుంటుంది. మొదటిది ఆగక వేరే వరుసతో దానికి జత కలుస్తుంది. ఆ తరువాత మూడవది, నాలుగవది. మొదట వినేవారు ఆ చిన్న వరుసను గుర్తు పెట్టుకుని, అది మళ్ళీ ఎక్కడ తల ఎత్తుతున్నదో గమనిస్తే చాలు.

జర్మను స్వరనామాలలో బి, ఎ, సి, హెచ్ అనే నాలుగూ స్వరాలే కనుక బాఖ్ ఇంటిపేరు పూర్తిగా పాడవచ్చును. కర్ణాటక సంగీతంలో స్వరాక్షరం అనే చమత్కారం వంటిదే ఇది. చివరి మహాగ్రంథం "ఫ్యూగ్ కళ"లోని ఆఖరి ఫ్యూగ్‌లో బాఖ్ ఈ నాలుగు స్వరాలను ప్రవేశపెట్టాడు. ఆ రచన మధ్యలో ఆగిపోయింది. పేరు వచ్చిన చోటనే గ్రంథకర్త మరణించాడని కుమారుడు ప్రతిపై వ్రాశాడు. చేతివ్రాతను బట్టి ఆ పుట మరణానికి కొంతకాలం ముందే వ్రాసినదని పరిశోధకుల అభిప్రాయం.

చివరి దినాలు

1747 మేలో ప్రష్యా రాజు ఫ్రెడరిక్ పోట్స్‌డామ్‌లో బాఖ్‌ను ఆదరించి, తానిచ్చిన వరుసపై అప్పటికప్పుడు ఫ్యూగ్ వాయించమన్నాడు. బాఖ్ వాయించి, ఇంటికి వచ్చాక ఆ వరుసనే విస్తరించి "సంగీత కానుక"గా అచ్చు వేయించి పంపాడు. 1733లో కొంత భాగం వ్రాసిన "బి మైనర్ మాస్"ను 1749 నాటికి పూర్తి చేశాడు.

అప్పటికే చూపు మందగించింది. 1750 మార్చి, ఏప్రిల్ నెలలలో జాన్ టేలర్ అనే ఆంగ్ల వైద్యుడు రెండుసార్లు కంటికి శస్త్రచికిత్స చేశాడు. చూపు రాలేదు సరికదా, ఆరోగ్యం కూడా చెడింది. జూలై 28న బాఖ్ మరణించాడు. ఇతనితో ఒకే ఏట, అదే జర్మనీలో పుట్టి లండనులో స్థిరపడిన హాండెల్‌కు కూడా తరువాత ఈ టేలరే చికిత్స చేశాడు. ఆయనకూ చూపు రాలేదు.

చెదరిన ప్రతులు

వీలునామా లేదు. వ్రాతప్రతులను భార్య, కుమారులు పంచుకున్నారు. ఇమాన్యుయేల్ వాటా చాలావరకు భద్రంగా ఉంది. పెద్దకుమారుడు విల్‌హెల్మ్ ఫ్రీడమాన్ డబ్బు అవసరమై తన వాటాను అమ్ముకున్నాడు. ఏడాదికి సరిపడే కాంటాటా మాలలు ఐదు ఉండేవని సంస్మరణ వ్యాసం చెబుతుండగా నేడు మిగిలినవి సుమారు 200 మాత్రమే. అన్నా మాగ్దలేనా తన వాటాకు వచ్చిన కాంటాటా ప్రతులను సెయింట్ థామస్ బడికి ఇచ్చి, బదులుగా బడి ఇంటిలో మరి ఆరు నెలలు ఉండటానికి అనుమతి పొందింది. ఆ ప్రతులు లైప్‌జిగ్‌లోనే నిలిచిపోయాయి. ఆమె మాత్రం దానధర్మాలపై బ్రతుకు వెళ్ళదీసి 1760లో మరణించింది.

బాఖ్‌ను లోకం పూర్తిగా మరచిపోయిందని కొందరు వ్రాస్తారు గాని, అది అతిశయోక్తి. శిష్యులు ఆర్గాన్ రచనలను వాయిస్తూనే ఉన్నారు. బీథోవెన్ బాల్యంలో "సుస్వర క్లావియర్" అభ్యసించాడు. 1789లో లైప్‌జిగ్ వచ్చిన మొజార్ట్ బాఖ్ బృందగానం ఒకటి విని, ప్రతులన్నీ తెప్పించుకుని చూశాడు. మరుగునపడినవి పెద్ద చర్చి కృతులు. 1829 మార్చి 11న ఇరవై ఏళ్ళ ఫెలిక్స్ మెండెల్‌సన్ బెర్లిన్‌లో "సెయింట్ మాథ్యూ ప్యాషన్"ను, కొంత కుదించి, ప్రదర్శించాడు. దాని నకలు ప్రతి అతనికి అమ్మమ్మ ఇచ్చిన కానుక. 1850లో ఏర్పడిన బాఖ్ సంఘం అర్ధశతాబ్దం శ్రమించి, 1899 నాటికి ఇతని రచనలన్నిటినీ అచ్చువేసింది.

గుర్తులేని సమాధిలో ఉన్న అస్థికలను 1894లో వెలికితీసి బాఖ్‌వేనని నిర్ణయించారు. అవి ఇప్పుడు సెయింట్ థామస్ చర్చిలో ఉన్నాయి. పోయిన రచనల అన్వేషణ నేటికీ సాగుతున్నది. 2005లో వైమార్‌లో ఒక గీతం దొరికింది. అజ్ఞాతకర్తృకాలుగా ఉన్న రెండు ఆర్గాన్ కృతులను బాఖ్ యౌవన రచనలుగా 2025 నవంబరులో లైప్‌జిగ్‌లో ప్రకటించి వాయించారు.

తెలుగునాట

బాఖ్ జీవించిన లూథరన్ సంప్రదాయం ఆయన తరువాత శతాబ్దిలో తెలుగుదేశానికి చేరింది. జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ 1842లో గుంటూరు వచ్చాడు. అదే దశాబ్దంలో ఉత్తర జర్మనీ మిషన్ వారు రాజమండ్రిలో పని ప్రారంభించారు. 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం ఏర్పడింది. కీర్తన వచ్చింది గాని, గొట్టాల ఆర్గాన్ గోదావరి పల్లెలకు రాలేదు. వేలాది గొట్టాలను శ్రుతిలో ఉంచడం మన ఉక్కపోతకు, వర్షాలకు ఎంత కష్టమో ఊహించవచ్చు. దాని స్థానంలో చేతి హార్మోనియం, తబలా, తాళాలు వచ్చాయి. పురుషోత్తమ చౌదరి (1803 - 1890) వంటి కవులు కర్ణాటక రాగాలలో కీర్తనలు వ్రాశారు. "ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు" పుస్తకంలో కీర్తన పైన రాగం, తాళం అచ్చు వేసి ఉండటం చూడవచ్చు. సభ తన భాషలో, తనకు పరిచయమైన వరుసలో పాడాలన్న లూథర్ నియమానికి ఇది దూరం కాదు.

బాఖ్ పేరును దక్షిణాదిన సామాన్య శ్రోతలకు దగ్గర చేసినవాడు ఇళయరాజా. 1986లో వెలువడిన "హౌ టు నేమ్ ఇట్" అనే ఆయన వాద్య సంగీత సంపుటి త్యాగరాజుకు, బాఖ్‌కు అంకితం. అందులో "బాఖ్‌ను మా ఇంట కలిశాను" అనే అర్థం వచ్చే శీర్షికతో ఒక రచన ఉంది. బాఖ్ ఒంటరి వయొలిన్ కృతి ఒకదానికి పైన మన పద్ధతి వయొలిన్ జతకూడడం అందులో వినవచ్చు. 1977లో వాయేజర్ అంతరిక్ష నౌకలతో పంపిన బంగారు పూత రికార్డులో బాఖ్ రచనలు మూడు ఉన్నాయి. అదే రికార్డులో కేసర్‌బాయి కేర్కర్ పాడిన భైరవి కూడా ఉంది.